వానను రమ్మందాం... ఇంగ్లీషులో!

రైమ్ ఒప్పజెప్పడం వేరు. భాష రావడం వేరు. రెంటి మధ్యా కోట చుట్టూ ఉండే అగడ్తంత దూరం. దాన్ని దాటించే వంతెన పాటే... కాకపోతే ఆ పాట పిల్లల సొంతం కావాలి. కాకతీయుల కోట నీడలో పెరిగే పిల్లలకైనా, మహానగరంలో అపార్ట్‌మెంట్ పిల్లలకైనా ఇదే సూత్రం.

ఇంటికి చుట్టాలొచ్చారు. కాఫీలు, కుశల ప్రశ్నలు అయ్యాయి. ఇక అసలు కార్యక్రమం మొదలు.

'అంకుల్‌కు ఓ రైమ్ చెప్పు బిడ్డా' అంటుంది అమ్మ.

నాలుగేళ్ల పాప చేతులు కట్టుకుని, కళ్లు పైకెత్తి, ఊపిరి తీసుకోకుండా గడగడా ఒప్పజెప్పేస్తుంది. అందరూ చప్పట్లు. నాన్న ముఖం మతాబాలా వెలిగిపోతుంది. ఆ ఉత్సాహంలో చుట్టం ఓ చిన్న ప్రశ్న వేస్తాడు, ఇంగ్లీషులోనే... 'నీకు ఏ రంగు ఇష్టం?' అని. అంతే, పాప అమ్మ కొంగు వెనక్కి వెళ్లిపోతుంది. 'ఇప్పటిదాకా బాగానే చెప్పింది, కొత్త కదా... సిగ్గు' అని సర్దిచెబుతుంది అమ్మ.

తెలుగునాట ఈ దృశ్యం చూడని ఇల్లు అరుదు. పాపకు రంగుల పేర్లు రావా అంటే వచ్చు. రెడ్, గ్రీన్, ఎల్లో... వరసగా చెప్పమంటే చెబుతుంది. పాటలో ఇంగ్లీషు ఉంది. పట్టికలో ఇంగ్లీషు ఉంది. నోట్‌బుక్‌లోనూ ఉంది. మాటలోకి మాత్రం దిగలేదు.

ఎందుకు దిగలేదు? దిగాలంటే ఏం చేయాలి? ఈ ప్రశ్నలు ఇప్పుడు చాలా ఇళ్లలో వినిపిస్తున్నాయి. ఖిలా వరంగల్ లాంటి చోట అయితే మరీను.

గుమ్మం ముందు ప్రపంచం

ఖిలా వరంగల్ అనగానే గుర్తొచ్చేవి నాలుగు దిక్కులా నిలిచిన కాకతీయ కీర్తి తోరణాలు. వాటి నడుమ శిథిలమైన స్వయంభూ శివాలయం, ఆ పక్కన ఖుష్‌మహల్, ఓరుగల్లుకు పేరు తెచ్చిన ఏకశిల గుట్ట. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన 2014లో రాజముద్రలోకి ఎక్కింది ఈ తోరణమే. 2010లోనే యునెస్కో తాత్కాలిక జాబితాలో చోటు దక్కించుకున్న కాకతీయ కట్టడాల్లో ఈ కోట కూడా ఉంది. కాబట్టి దేశవిదేశాల నుంచి చూడవచ్చేవారుంటారు.

అయితే ఇది జనం లేని కోట కాదు. మట్టికోటకూ రాతికోటకూ లోపలే ఇళ్లున్నాయి. పొలాలున్నాయి. వీధుల్లో గోలీలాడే పిల్లలున్నారు. మిగతా ఊళ్లవాళ్లు ప్రపంచాన్ని చూడాలంటే ప్రయాణం కట్టాలి. ఇక్కడి పిల్లల దగ్గరికి ప్రపంచమే కెమెరా మెడలో వేసుకుని వస్తుంది. దాన్ని పలకరించడానికి కావలసిన భాషే దగ్గర లేదు. 'వాట్ ఈజ్ యువర్ నేమ్?' అని అడగడం వరకూ వచ్చు. అవతలి మనిషి పేరు చెప్పి, తిరిగి ఇంకేదైనా అడిగితే... పరుగే పరుగు!

పర్యాటకులతో మాటలు రాకపోతే కొంపలేమీ మునగవు. బడిలో రాకపోతేనే చిక్కు. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 విద్యాసంవత్సరం నుంచి 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లీషు మీడియం మొదలైంది. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉండేలా పుస్తకాలు వచ్చాయి. అంటే ఇంగ్లీషు ఒక పాఠంగా మిగల్లేదు. లెక్కలకూ, సైన్సుకూ, సాంఘికశాస్త్రానికీ అదే వాకిలి అయింది. ఆ తలుపు తెరుచుకోకపోతే బిడ్డ ఇంగ్లీషులో మాత్రమే వెనకబడడు... భిన్నాల్లోనూ, కిరణజన్య సంయోగక్రియలోనూ వెనకబడతాడు. తెలివితేటలున్నా మొద్దు అనిపించుకుంటాడు. నెమ్మదిగా తనూ అదే నమ్ముతాడు. అసలు ప్రమాదం అక్కడుంది.

ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లుంటే వేరు సంగతి. జంపఖానా నేసే ఇంట్లో, ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తోలుకెళ్లే రైతు ఇంట్లో ఆ భాష చెవిన పడేదెక్కడ? బడిలో ఆ పీరియడు ముగిస్తే మళ్లీ మరునాడే. వినకుండానే మాట్లాడమంటున్నాం. మాట్లాడకుండానే చదవమంటున్నాం. చదవడం రాకుండానే పరీక్ష రాయమంటున్నాం!

హిందీ ఎవరు నేర్పారు?

ఒక్కసారి వెనక్కి వెళ్దాం. ఓరుగల్లుకు పరాయి భాష కొత్త కాదు. ఊరి పేరులో ఉన్న 'ఖిలా' అనే మాటే ఉర్దూ దారిన వచ్చింది. నిజాం కాలంలో పైచదువులు ఉర్దూలో సాగాయి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైంది ఉర్దూ మాధ్యమంతోనే. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ... ఆ తరం పెద్దలు రెండింటినీ మోశారు.

ఆ తరవాతి తరం సంగతి ఇంకా చిత్రం. బడికి సరిగ్గా వెళ్లనివాళ్లు కూడా హిందీ మాట్లాడేవారు. ఎవరు నేర్పారు? రేడియో సిలోన్, వివిధభారతి! 1952లో అమీన్ సయానీ గొంతుతో మొదలైన బినాకా గీత్‌మాలా కోసం బుధవారం రాత్రి రేడియో చుట్టూ చేరిన కుటుంబాలెన్నో. ముందు పాట వచ్చేది. అర్థం తరవాత వచ్చేది... ఒక్కోసారి ఏళ్ల తరవాత. 'ఓహో, ఆ మాటకు అర్థం ఇదా!' అని తెలిసేనాటికి ఆ మాట నాలుక మీద ఎప్పుడో స్థిరపడి ఉండేది. పలుకు సరిగ్గా ఉండేది. వాక్యంలో దాని చోటు తెలిసి ఉండేది. వ్యాకరణం పుస్తకం తెరవకుండానే సగం హిందీ వచ్చేసింది.

ఇంకా వెనక్కి వెళ్తే, ఈ నేల చదువంతా చెవి చదువే. పాల్కురికి సోమనాథుడు బసవ పురాణం రాయడానికి ఎంచుకున్నది ద్విపద. రెండేసి పాదాల దేశి ఛందం. పుస్తకం పట్టలేనివాళ్లు కూడా పాడుకోగలిగింది. బమ్మెర పోతన పద్యాలు అక్షరం రానివాళ్ల నోళ్లలో కూడా నిలిచాయి. వీధిబడిలో అమరకోశం వల్లె వేయించినా, పలక మీద దిద్దించే ముందు గుణింతం పాడించినా, ఎక్కాలను రాగం తీయించినా సూత్రం ఒక్కటే. చెవికి ఎక్కింది చెదరదు.

ఆ మాటకొస్తే ఇంగ్లీషువాళ్లూ మనభాషను పద్యాల తోవలోనే పట్టుకున్నారు. సి.పి.బ్రౌన్ తెలుగులో లోతుకు దిగింది వేమన వెంట నడిచే. ఆ పద్యాలను సేకరించి, ఇంగ్లీషు అనువాదంతో 1829లో అచ్చు వేయించాడు. ఆయన పేరు చిరస్థాయిగా నిలిపిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది 1852లో. ముందు పద్యం... ఆ తరవాతే నిఘంటువు!

ముందు చెవి... తరవాతే నాలుక

ఇంగ్లీషుకు పాట మరింత అవసరం. అందుకు కారణం ఆ భాష నడకలోనే ఉంది.

తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు ఉంటే తప్ప మన నాలుకకు తృప్తి ఉండదు. అందుకే బస్, బుక్, రోడ్ మన దగ్గరికి వచ్చేసరికి బస్సు, బుక్కు, రోడ్డు అయిపోయాయి. 'స్కూల్'కు ముందు ఓ 'ఇ' చేర్చి 'ఇస్కూలు' చేసుకున్నాం. తెలుగులోకి వచ్చిన మాటల్ని తెలుగు చేసుకోవడంలో తప్పేం లేదు, అది భాషకు ఉండే బలం. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు మాత్రం ఆ అచ్చును వదలడం తెలియాలి. ప్రాస ఉన్న ఇంగ్లీషు పాట ఆ పని తేలిగ్గా చేయిస్తుంది. 'క్యాట్' పక్కన 'హ్యాట్' వచ్చినప్పుడు 'క్యాటు' అంటే తాళం తప్పుతుంది. టీచరు దిద్దక్కర్లేదు, పాటే దిద్దుతుంది.

రెండోది ఊనిక. మన ఛందస్సులో గురువు, లఘువు అంటే కాలం లెక్క. ఇంగ్లీషు నడక అలా కాదు. ఒక్కో మాటలో ఒక్కో చోట బరువు పడుతుంది, మిగతా భాగం సన్నగా జారిపోతుంది. 'కంప్యూటర్'లో బరువు 'ప్యూ' మీద. 'డెవలప్' అని మనం రాసుకునే మాటలో నడిమి అక్షరం మీద. 'బనానా'లో మధ్యలోని 'నా' మాత్రమే పైకి లేస్తుంది, అటూ ఇటూ ఉన్నవి అణిగిపోతాయి. పదాలన్నీ తెలిసి కూడా ఇంగ్లీషు సినిమాలో మాటలు అర్థం కావడం లేదని వాపోతుంటారు చాలామంది. కారణం ఇదే. కంటితో నేర్చుకున్న మాటను చెవి గుర్తుపట్టలేకపోతోంది.

దీనికి చప్పట్లతో చిన్న పరీక్ష ఉంది. 'బాయ్స్ - ఫ్లై - కైట్స్' అంటూ మూడు చప్పట్లు కొట్టండి. ఇప్పుడు అదే వేగంతో, అవే మూడు చప్పట్లలో 'ద బాయ్స్ - ఆర్ ఫ్లయింగ్ - ద కైట్స్' అనండి. మాటలు పెరిగాయి. చప్పట్లు పెరగలేదు. 'ద', 'ఆర్' లాంటి చిన్న మాటలు పెద్ద మాటల మధ్య ఇరుక్కుని గబగబా వెళ్లిపోవాలి. ఇంగ్లీషు నడక రహస్యమంతా ఇంతే. ఈ చప్పట్ల పద్ధతికి 'జాజ్ చాంట్స్' అని పేరు పెట్టి 1978లో పుస్తకంగా తెచ్చింది కరొలిన్ గ్రాహమ్. ఆమె న్యూయార్క్‌లో విదేశీ విద్యార్థులకు ఇంగ్లీషు నేర్పిన టీచరు, సంగీతం తెలిసిన మనిషి కూడా. పాడే గొంతు అక్కర్లేదు, లయ ఉంటే చాలు అన్నది ఆ పద్ధతి. పాడటం రాని మాస్టార్లకు ఇది తీపి కబురే.

చెవి ఎంత గొప్ప గురువో చెప్పడానికి వరంగల్‌కు మరో సాక్ష్యం ఉంది. మట్టెవాడలో పుట్టిన ధ్వన్యనుకరణ సామ్రాట్టు నేరెళ్ల వేణుమాధవ్ (1932-2018). మన నాయకుల, నటుల గొంతులే కాదు... హాలీవుడ్ చిత్రాల్లోని ఇంగ్లీషు సంభాషణలను, వాటి వెనక మోగే ధ్వనులతో సహా వేదిక మీద వినిపించేవారు. ఇంగ్లీషు పలుకులో ఎక్కడ బరువు, ఎక్కడ విరుపు అన్నది ఆయన చెవి పట్టింది. చెవి పట్టినదాన్ని గొంతు అనుసరించింది. అందరూ వేణుమాధవ్‌లు కాలేరు, నిజమే. వినడం, అనుకరించడం మాత్రం ప్రతి పిల్లవాడికీ పుట్టుకతో వచ్చిన విద్యలే.

బుర్రలో గిర్రున తిరిగే పాట

పొద్దున్నే విన్న పాట రోజంతా బుర్రలో తిరుగుతూనే ఉండటం అందరికీ అనుభవమే. వద్దన్నా పోదు. భాషలు నేర్చుకునేవారికి ఇలాంటిదే జరుగుతుందని చెప్పారు పరిశోధకులు. కొత్త భాషను శ్రద్ధగా కొన్ని గంటలు విన్నాక ఆ మాటలు మనసులో వాటంతటవే మోగుతుంటాయని స్టీఫెన్ క్రాషెన్ 1983లో రాశాడు. బుర్రలో తిరిగే పాట కూడా ఆ కోవలోదే కావచ్చని టిమ్ మర్ఫీ 1990లో ఓ వ్యాసంలో ప్రతిపాదించాడు. అదే నిజమైతే, ఇంట్లో ఇంగ్లీషు వినిపించని పిల్లవాడికి ఇంతకంటే వరం ఏముంటుంది? బడి వదిలాక కూడా పాఠం వెంట నడుస్తుంది... దారిలో, ఆటలో, పడక మీద!

స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో దీన్ని పరీక్షించి చూశారు. 60 మంది పెద్దవాళ్లను మూడు జట్లు చేశారు. వాళ్లకు బొత్తిగా తెలియని హంగేరియన్ భాషలో 20 చిన్న చిన్న వాక్యాలు నేర్పారు. ఒక జట్టు మామూలుగా విని పలికింది. రెండో జట్టు లయబద్ధంగా పలికింది. మూడో జట్టు పాడింది. 15 నిమిషాల సాధన తరవాత పరీక్ష పెడితే, హంగేరియన్‌లో తిరిగి చెప్పాల్సిన పరీక్షల్లో పాడిన జట్టే ముందుంది. 2014లో అచ్చయిన ఈ అధ్యయనం పాటకు దక్కిన మంచి కితాబు. అయితే అది కొద్ది నిమిషాల ప్రయోగం, అందులో పాల్గొన్నవాళ్లు పెద్దలు. ఏళ్ల తరబడి సాగే బడి చదువుకు దాన్ని యథాతథంగా అంటగట్టలేం. పాట మనసులో మాటను నిలపగలదన్నంత వరకూ ధైర్యంగా చెప్పొచ్చు.

పాఠాన్ని పాటగా దూరప్రాంతాలకు చేర్చే ప్రయత్నాలూ జరిగాయి. కెన్యాలో 1980-85 మధ్య రేడియో ద్వారా చిన్న తరగతుల పిల్లలకు ఇంగ్లీషు నేర్పారు. రేడియో అడుగుతుంది, పిల్లలు బిగ్గరగా బదులిస్తారు, కలిసి పాడతారు. మన ఉమ్మడి రాష్ట్రంలో ఆకాశవాణి నుంచి వచ్చిన 'విందాం... నేర్చుకుందాం' పాఠాలు కూడా ప్రాథమిక తరగతుల్లోకి పాటలనూ ఆటలనూ మోసుకొచ్చాయి. ఇవాళ ఆ పని చేయడానికి అమ్మ చేతిలో మొబైల్ ఉంది.

వరస పాతది... మాట కొత్తది

మరి ఇన్ని లాభాలుంటే, మొదట చెప్పుకున్న పాప ఎందుకు దాక్కుంది?

ఎందుకంటే ఆమె పాడిన పాటలో ఆమె లేదు. ఆమె ఊరు లేదు, వాకిలి లేదు. బట్టీ పట్టిన రైమ్‌కు అర్థం ఎవరూ చెప్పలేదు. చెప్పినా అంటుకోదు. 'లిటిల్ మిస్ మఫెట్' ఎక్కి కూర్చున్న 'టఫెట్' ఏమిటో మన పిల్లలకు మాత్రమే కాదు, చాలామంది టీచర్లకూ తెలియదు. అదేదో పాత ఇంగ్లండు ముచ్చట.

ఇంతకంటే తమాషా వాన రైమ్. తెలుగునాట నర్సరీ పిల్లలందరికీ వచ్చింది ఇదే. వానను ఇప్పుడు వెళ్లిపొమ్మని, ఇంకోరోజు రమ్మని బతిమాలే పాట. ముసురుపట్టి ఆటలు సాగని ఇంగ్లండు పిల్లలకు అది న్యాయమే. కానీ ఓరుగల్లు నేల మీద వానను పొమ్మంటామా? పాఖాల, రామప్ప, లక్నవరం... చినుకు చినుకునూ పట్టి నిలపడానికి కాకతీయులు చెరువులు తవ్వించిన నేల ఇది. వాన జాడ లేకపోతే కప్పను రోకలికి కట్టి ఊరేగించి, ఇంటింటా నీళ్లు పోయించుకుంటూ కప్పతల్లి ఆట ఆడే పల్లెలివి. ఆ ఇంటి బిడ్డే బడికెళ్లి వానను పొమ్మని పాడుతుంది. నోరు ఒకటి అంటుంది, మనసు ఇంకొకటి అంటుంది. ఇక ఆ మాట తన మాట ఎలా అవుతుంది?

ఇక్కడే అవసరం సృజన. అదేదో బ్రహ్మవిద్య అనుకోనక్కర్లేదు. వరస పాతది ఉంచి మాట కొత్తది పెట్టడమే. పిల్లలు పాడే నక్షత్రం రైమ్ పుట్టిందీ ఇలాగే. మాటలు జేన్ టేలర్ అనే ఇంగ్లీషు కవయిత్రి 1806లో అచ్చు వేసిన 'ది స్టార్' అనే కవితలోవి. బాణీ మాత్రం అంతకు ముందే ఉన్న ఓ ఫ్రెంచి పాటది. మొజార్ట్ దాని మీద 12 రూపాంతరాలు కట్టాడు. మన పిల్లలు ఏబీసీడీలు పాడేదీ ఆ బాణీలోనే. కావాలంటే రెండూ పక్కపక్కన పాడి చూడండి!

ఫ్రెంచి బాణీలో ఇంగ్లీషు మాట ఒదిగినప్పుడు, మన బతుకమ్మ వరసలో ఒదగదా? బతుకమ్మ పాట నిర్మాణమే భాష నేర్పడానికి చేసి పెట్టినట్టుంటుంది. ఒకరు చరణం ఎత్తుకుంటారు, మిగతావాళ్లు 'ఉయ్యాలో' అంటూ అందుకుంటారు. పాట రానివాళ్లు కూడా 'ఉయ్యాలో' అంటూ గుంపులో కలిసిపోవచ్చు. తప్పు పలికితే పట్టుకునేవాళ్లుండరు. నాలుగు చుట్లు తిరిగేసరికి చరణం నోటికి వచ్చేస్తుంది. అడుగుకూ చప్పట్లకూ లయ కుదురుతుంది. సరిగ్గా ఇవే కదా భయపడే పిల్లవాడికి తరగతిలో కావలసినవి... గుంపులో దాక్కునే వీలు, మళ్లీ మళ్లీ వినే వీలు, కాళ్లూ చేతులూ ఆడే వీలు!

ఆ వరసలో పిల్లల చేత వాన పాట కట్టిస్తే, ఉదాహరణకు ఇలా ఉండొచ్చు:

కమ్ రెయిన్, కమ్ రెయిన్ - ఉయ్యాలో!
ఫిల్ అవర్ ట్యాంక్ - ఉయ్యాలో!
కమ్ రెయిన్, కమ్ రెయిన్ - ఉయ్యాలో!
వాష్ అవర్ ఫోర్ట్ - ఉయ్యాలో!

ఇందులో పెద్ద కవిత్వం ఏమీ లేదు. కానీ ఇందులో రెండు క్రియలు మార్చమంటే పిల్లలు ఊరుకుంటారా? వాన ఇంకా ఏమేం చేస్తుందో ఒక్కొక్కరూ చెబుతారు. తెలుగులోనే చెప్పనివ్వాలి. పత్తిచేను తడుపుతుంది, అమ్మమ్మ కుండీలో మొక్కకు నీళ్లు పోస్తుంది, బడికి సెలవు ఇస్తుంది! ఆ మాటలకు ఇంగ్లీషు అందించడం టీచరు పని. 'గివ్ అస్ ఎ హాలిడే' అన్న చరణం ఎవరి నోటా ఆగదని వేరే చెప్పాలా? అడిగి తెచ్చుకున్న మాట అది. బట్టీ పట్టించక్కర్లేదు.

బతుకమ్మను పేర్చినట్టే పాటనూ పేర్చవచ్చు. కింద తంగేడు, పైన గునుగు, ఆ పైన బంతి... ఒక్కో చుట్టుకు ఒక్కో పూవు, ఒక్కో రంగు. ప్రతిసారీ కింది వరస నుంచి మళ్లీ పాడుకుంటూ రావాలి. చివరికి గౌరమ్మను నిలిపేసరికి రంగులు, అంకెలు, కింద-పైన అనే మాటలు అన్నీ పదేసి సార్లు పలికి ఉంటారు. పదిసార్లు రాయమంటే ఏడ్చేవాళ్లే పదిసార్లు పాడి, ఇంకోసారి అంటారు.

మాట మీద కాకుండా పని మీద మనసున్నప్పుడే భాష బాగా అబ్బుతుందన్నది పాత అనుభవమే. దాన్ని తరగతి గదిలో నిలబెట్టి చూసినవాడు ఎన్.ఎస్.ప్రభు. 1979 నుంచి 1984 వరకు దక్షిణాది బడుల్లో ఆయన నడిపిన 'బెంగళూరు ప్రాజెక్టు' భాషాబోధనలో ప్రపంచమంతా చదువుకునే ప్రయోగం. అందులో పాటలు ప్రధానం కాదు. పటం చూసి దారి చెప్పడం, రైళ్ల పట్టిక చూసి లెక్క తేల్చడం లాంటి పనులు ఇచ్చారు. పిల్లలు పని గురించి ఆలోచిస్తారు, భాష దానికదే వెంట వస్తుంది అన్నది సూత్రం. పాట కట్టడం కూడా అలాంటి పనే. ప్రాస కుదరాలి, తాళానికి సరిపోవాలి, తన ఊరి సంగతి ఉండాలి. ఈ తంటాలో పడ్డ పిల్లవాడికి తాను ఇంగ్లీషు నేర్చుకుంటున్నానన్న సంగతే గుర్తుండదు. భయం పోయేది అప్పుడే.

పాటతోనే సరిపోదు

అలాగని పొద్దస్తమానం పాడుకుంటూ కూర్చుంటే చదువు రాదు. పాటలో వాక్యాలు ప్రాస కోసం అటూ ఇటూ తిరగబడతాయి. పాడటంలో ఉన్న ధారాళం మాట్లాడేటప్పుడు ఉండదు. గుంపులో పాడిన పిల్లవాడు ఒంటరిగా నోరు విప్పుతాడన్న హామీ లేదు. అందుకే పాట అయ్యాక అందులోంచి ఒక మాటను బయటికి తీయాలి. వానను 'కమ్' అన్నవాడు స్నేహితుణ్ని 'కమ్ హియర్' అనాలి. 'ఫిల్ అవర్ ట్యాంక్' పాడినవాడు ఇంట్లో 'ఫిల్ ద గ్లాస్' అనాలి. 'వాష్ అవర్ ఫోర్ట్' అన్న అమ్మాయి అన్నం ముందు తమ్ముడికి 'వాష్ యువర్ హ్యాండ్స్' అని పెద్దరికం చేయాలి. 'ఫిల్ ద బిందె' అన్నా నవ్వకూడదు. మధ్యలో తెలుగు మాట రావడం తప్పు కాదు, తెలిసిన గట్టు మీద కాలు పెట్టి తెలియని ఒడ్డుకు దూకడం.

ఆ తరవాత కంటి పని. పాడిన చరణాన్ని బోర్డు మీద చూపిస్తే ఇదివరకే తెలిసిన మాటను కన్ను గుర్తుపడుతుంది. ఒక మాట చెరిపేసి ఖాళీ ఉంచితే చేయి పూరిస్తుంది. వినడం, అనడం, మార్చడం, చదవడం, రాయడం... ఇదీ వరస. దీన్ని తిరగేసి రాయడంతో మొదలుపెట్టినందుకే పది తరగతులు చదివినా నోరు పెగలని పరిస్థితి.

తెలుగును పక్కన పెట్టడం కూడా మేలు చేయదు. 2020 నాటి జాతీయ విద్యావిధానం వీలైన చోటల్లా కనీసం 5వ తరగతి వరకు ఇంటి భాషలో చదువు ఉండాలంది. మీడియం గురించిన వాదాలు ఎటు తేలినా ఒక్క మాట నిజం. తెలుగులో పొడుపుకథ విప్పగలిగి, పాట కట్టగలిగి, కథ చెప్పగలిగిన పిల్లవాడికి చెప్పడానికి సంగతులుంటాయి. సంగతి ఉన్నవాడు భాషను వెతుక్కుంటాడు. సంగతే లేనివాడికి ఎన్ని భాషలొచ్చినా చుట్టం ముందు మౌనమే.

ఇంట్లో ఇలా...

ఇంగ్లీషు రాని అమ్మానాన్నలు కూడా చేయగలిగినవే ఇవన్నీ.

* వారానికి ఒకే పాట. ఇరవై రైమ్‌లు వినిపించి గందరగోళపెట్టడం కంటే ఒకటి ఏడు రోజులు పాడటం మేలు.

* ముందు రెండు రోజులు వినడమే. చెప్పమని బలవంతం వద్దు. చెవి నిండితే నోరు అదే తెరుచుకుంటుంది.

* మొబైల్‌లో వినిపించండి, తెర తిప్పి పెట్టండి. బొమ్మ కదులుతుంటే కన్ను మాత్రమే పనిచేస్తుంది, చెవి నిద్రపోతుంది.

* చప్పట్లు, గిన్నె మీద గరిటె, నేల మీద అడుగు... ఏదో ఒక లయ ఉండాలి.

* పాటలో ఒక్క మాట మార్చమనండి. పిల్లి బదులు మేక, కొండ బదులు కోట. ఆ మాట పిల్లలే చెప్పాలి.

* పాటలోని ఒక వాక్యాన్ని ఆ రోజు ఇంట్లో నిజంగా వాడండి. తప్పొచ్చినా ఆపి దిద్దొద్దు. సరైన వాక్యాన్ని మీరు మళ్లీ ఒకసారి అంటే చాలు.

* మీకు రాకపోతే బిడ్డనే గురువు చేసుకోండి. 'నాకూ నేర్పు' అని అమ్మ అడిగితే కలిగే ఉత్సాహం ఏ ట్యూషన్‌లోనూ దొరకదు.

* వారం చివర పిల్లలు కట్టిన చరణాన్ని కాగితం మీద రాయించి గోడకు అంటించండి. తన మాట గోడ మీద చూసుకున్న పిల్లలు చదవడానికి వెనుకాడరు.

మళ్లీ చుట్టాలొచ్చినప్పుడు...

ఖిలా వరంగల్‌లోని కీర్తి తోరణాలకు ఓ ప్రత్యేకత ఉంది. వాటికి తలుపులు లేవు. ఎవరైనా వచ్చిపోవచ్చు. ఆ తోరణాల కింద ఆడుకునే పిల్లలకు ఇంగ్లీషు కూడా అలాంటి ద్వారమే కావాలి, మోకాళ్లు వణికించే గడి గోడ కాకూడదు.

దానికి పెద్ద పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. ఈసారి ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు 'అంకుల్‌కు రైమ్ చెప్పు' అనే బదులు, 'నువ్వు కట్టిన పాట పాడు బిడ్డా' అని చూడండి. నాలుగు ముక్కలే ఉండొచ్చు. ప్రాస కుదరకపోవచ్చు. 'వాన ఎందుకు రావాలి?' అని ఆ అంకుల్ ఇంగ్లీషులో అడిగితే మాత్రం పాప ఈసారి అమ్మ కొంగు వెనక్కి వెళ్లకపోవచ్చు. ఎందుకు రావాలో ఆమెకు తెలుసు కదా... బడికి సెలవు కోసం!